కుక్కను పట్టుకోండి

ఇక్కడ తలుపు తట్టరు.
కంచె బయట నిలబడి
"కుక్కను పట్టుకోండి" అని కేకేస్తారు.
అదే పలకరింపు, అదే "ఇంట్లో ఎవరండీ".
దేవుడి మాటకన్నా ముందు
నాకు నోరు తిరిగిన మంగోలు మాట అది.

ఆరున్నరకి అలారం.
కిటికీకి లోపలివైపు మంచు పేరుకుని ఉంటుంది.
బర్బిడ్జ్ సగం నిద్రలోనే
తెల్ల చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరిస్తాడు.
ఐడహోలో బంగాళాదుంపలు తవ్విన చేతులు,
ఇస్త్రీ పెట్టె కూడా గునపంలాగే పడుతుంది.
ఒకరి కంటిచూపు దాటి ఒకరం పోకూడదు.
స్నానాల గది ఒక్కటే మినహాయింపు.
అక్కడ నేను కాస్త ఎక్కువసేపే ఉంటాను.
అతనికి తెలుసు, అడగడు.

పంతొమ్మిదేళ్ళకి గుండె మీద నల్ల బిళ్ళ:
ఎల్డర్ హవీలి.
ఎల్డర్ అంటే పెద్దాయన.
పెద్దాయనకి గడ్డం
వారానికి రెండుసార్లు గీస్తే చాలు.
సోమవారం ఫోన్లో అమ్మ కూడా
మురిపెంగా ఎల్డర్ అనే పిలుస్తోంది.

మా టోంగాలో ఊపిరి కంటికి కనపడదు.
ఇక్కడ మాట ముందు పొగై బయటికొస్తుంది,
అర్థం తర్వాత, అదీ సగమే.
మొన్న బస్సులో
"మీకొక మంచి వార్త తెచ్చాం" అనబోయి ఏమన్నానో గానీ
ఎదురు సీటావిడ జాలిగా
నా చేతిలో టిక్కెట్టు డబ్బులు పెట్టింది.

మంగళవారం గుడారాల పేట.
బయన్‌ఖోషూ కొండ నడుము దాకా బొగ్గు పొగ.
పొద్దుటి నుంచి నలభై కంచెలు, ముప్పై ఎనిమిది కుక్కలు.
ఒక తాగుబోతు మాత్రం
చాలా శ్రద్ధగా విన్నాడు.
ఒక పిల్లాడు మంచు ఉండ విసిరాడు. గురి మంచిదే.

చివరి కంచెలో దూలమ్‌సురేన్ ఎమే.
మేం నోరు తెరవకముందే
నీళ్ళ బండి చూపించింది.
అరవై లీటర్లు, అంతా ఎక్కుడు దారి,
ఒలికిన చుక్క ఒలికినచోటే గాజు.
బర్బిడ్జ్ లాగాడు, నేను తోశాను,
ఆమె కుక్క వెనక నించి పర్యవేక్షించింది.

గుడారంలో పొయ్యి ఎర్రగా ఉంది.
రెండు చేతులా గిన్నె అందించింది, ఉప్పు వేసిన పాల చాయ్.
మేము చాయ్ తాగకూడదు.
కడుపునొప్పా? కాదు.
చేదుగా ఉందా? ముట్టుకుంటేగా.
మరి?
నా దగ్గరున్న మాటలు రెండే, వద్దు, కృతజ్ఞతలు.
ఆ రెంటినీ అటూ ఇటూ తిప్పి చెప్పాను.
గిన్నె చల్లారింది. మీగడ కట్టింది.
తలవంచుకుని దిగి వచ్చాం.

మళ్ళీ మంగళవారం
మళ్ళీ అరవై లీటర్లు.
ఈసారి పొయ్యి మీద వేరే గిన్నె,
మరిగిన నీళ్ళు, పాలు, చిటికెడు ఉప్పు.
"హ్యారమ్" అంది, "ఆకు లేదు, తాగు.
చాయ్ ఆకు దొరకని చలికాలాల్లో
మేమూ దీంతోనే బతికాం."

తాగుతుంటే బిళ్ళ మీద వేలు పెట్టింది.
"హవీలి ఎవరు?"
నేనే.
"కాదు, అది మీ నాన్న వైపు పేరు.
నాన్న పేరుతో మనిషిని ఎవరు పిలుస్తారు?
నువ్వెవరు?"

ఏడు నెలలైంది.
పేరు గొంతు దాకా వచ్చి
కొత్త చెప్పులా కరిచింది.
"ఫెలేతి" అన్నాను.
బర్బిడ్జ్ గిన్నెలోంచి తలెత్తాడు.
ఇది నియమమా, తప్పా అని
ఒక్క క్షణం ఆలోచించి
"నేను లోవెల్" అన్నాడు,
మంగోలులో, తప్పు విభక్తితో.
ఎమే ఇద్దరి పేర్లూ నమిలి, విరిచి,
తన నోటికి సరిపెట్టుకుంది.

రాత్రి తొమ్మిదికి లెక్కల పుస్తకం.
చెప్పిన పాఠాలు: సున్నా.
నీళ్ళకి గడి లేదు.

దీపం ఆర్పాక పక్క మంచం మీంచి
"ఫెలేతీ, కిటికీ గొళ్ళెం పెట్టావా?"
పెట్టానన్నాను.
పెట్టలేదు.
లేచి వెళ్ళి పెట్టి వచ్చాను.